బాలబోధయందు కీటకములు: మెదకు పట్టణమునుండి యొక పరిశీలన

క్రైస్తవ బాలబోధయందు మొదటి గురువు చీమ. అక్షరములు రాని పసివానికి ప్రవక్తల చరిత్ర చెప్పబూనుటకు ముందే ఉపాధ్యాయుడు వానిని వాకిటికి గొనిపోయి, గోడవెంట సాగు చీమలబారును చూపి, సొలొమోను పేరిట నున్న ఉపదేశమును వినిపించును. సామెతల గ్రంథమున ఆరవ యధ్యాయమునందును ముప్పదియవ యధ్యాయమునందును చీమకు రెండుమారులు గౌరవము దక్కినది. ఈ పాఠమునకు పటము వలదు, పలక వలదు, వ్యయ మసలే లేదు. కాని గ్రంథములోని చీమయు గోడమీది చీమయు నొక్కటియేనా యని పిల్లవాడు ఎప్పుడో యొకప్పుడు అడుగక మానడు. ఆ ప్రశ్నకు పెద్దలు చెప్పుచు వచ్చిన సమాధానములకు ఒక చరిత్ర కలదు. అందు తెలుగుదేశమునకును దక్కనుకును దక్కిన పాలు మనవారు సాధారణముగా నెరుగరు.

ఇట్టి విచారమునకు మెదకు తగిన తావు. మెతుకుసీమ యని జనవ్యవహారమున్న ఈ ప్రాంతమునకు వెస్లియను మెథడిస్టు సంఘమువారు పందొమ్మిదవ శతాబ్ది చివర వచ్చిరి. 1895లో సికింద్రాబాదు చేరిన చార్లెస్ వాకర్ పాస్నెట్టు, కొలదికాలములోనే మెదకును తన కార్యస్థానముగా చేసికొనెను. కరవుకాలమున జనులకు కూలియు కూడును కల్పించుచు 1914లో ఆయన ఆరంభించిన దేవాలయ నిర్మాణము పదియేండ్లు సాగి, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠతో ముగిసెను. నూరడుగుల వెడల్పు, రెండువందల అడుగుల నిడివి, నూట డెబ్బదియైదడుగుల గంటగోపురము గల ఆ మందిరమున రంగుటద్దముల కిటికీలందు క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చిత్రింపబడినవి. మందిరములోనికి వచ్చిన జనులలో అధికసంఖ్యాకులు చదువు నోచని పల్లె కుటుంబములవారు. కాబట్టి కంటికి చూపి చెప్పుట ఇచటి బోధకు అలంకారము కాదు, ఆవశ్యకము. 1947లో ఈ సంఘము దక్షిణ భారత సంఘమున లీనమైనది.

ఇచట మరియొక విశేషము గమనింపదగినది. వెస్లియను సంఘమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ మతప్రబోధకుడు మాత్రమే యని తలచువారు పెక్కురు. ఆయన 1763లో సృష్టియందలి దైవజ్ఞానమును గూర్చి రెండు సంపుటముల గ్రంథమును వెలువరించెను. అది పిమ్మట ఐదు సంపుటములకు పెరిగినది. అందు పశుపక్ష్యాదులతోపాటు కీటకములకును తగిన స్థలము లభించినది. గుర్రముపై ఊరూర తిరుగు బోధకుడు ఈగ రెక్కను గూర్చి తీరికగా వ్రాయుట మనకు వింతగా తోచవచ్చును. ఆ కాలమున అది వింత కాదు. 1691లో జాన్ రే, 1738లో జర్మను పాస్టరు లెస్సరు, 1802లో విలియం పేలీ ఆ త్రోవనే నడచినవారు. లెస్సరు తన గ్రంథమునకు కీటక దైవశాస్త్ర మనియే నామకరణము చేసెను.

ముందు భాషావిషయమును చూతము. విశాఖపట్టణమునకు 1805లో వచ్చిన అగస్టస్ డిగ్రాంజెస్, ఆనందరాయరు అను తెలుగు పండితుని తోడ్పాటుతో చేసిన సువార్తల అనువాదము 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. నాటినుండి పెక్కురి చేతులమీదుగా రూపొందిన తెలుగు బైబిలున కీటకముల పేళ్లు ఎట్లు కుదిరినవో పరిశీలించిన, బాలబోధలోని చిక్కులు కొన్ని భాషతోనే పుట్టినవని తెలియును. మత్తయి సువార్త ఆరవ యధ్యాయమున భూమిమీది ధనమును పాడుచేయు పురుగునకు మనవారు చిమ్మెట యను పేరు నిలిపిరి. బట్టలు కొరుకు పురుగని గ్రంథార్థము. కాని నేటి బాలునకు చిమ్మట యనగా రాత్రివేళ చెట్లలో గీపెట్టు పురుగు. పాటకాని మీద దొంగతనమేల మోపిరో వానికి బోధపడదు. పైగా బట్టను కొరుకునది రెక్కల పురుగు కాదు, దాని డింభకము. రెక్కలు వచ్చిన పిమ్మట అది బట్ట జోలికి పోదు. సామెతలు ముప్పదియవ యధ్యాయమున రాజగృహములలో నివసించు అల్పజీవిని 1611 నాటి ఆంగ్లానువాదము సాలెపురుగనగా, 1885 నాటి సవరణ బల్లి యనినది. తెలుగు బైబిలునందును బల్లియే. పాత ఆంగ్ల ప్రతిని చేతబట్టిన దొర సాలెగూటిని చూపుచుండగా, తెలుగు ప్రతిని చదివిన పిల్లలు గోడమీది బల్లిని వెదకియుందురని ఊహించిన నవ్వు వచ్చును.

యోవేలు ప్రవచనమున పంటను వరుసగా నాశనముచేయు నాలుగింటికి హీబ్రూలో గాజాం, అర్బె, యెలెక్, హాసీల్ అని పేళ్లు. ఇవి నాలుగును మిడతకే వివిధదశలందు చెల్లు పేళ్లని పలువురు పండితుల యభిప్రాయము. తెలుగువారు వీనికి గొంగళిపురుగు, మిడత, పసరుపురుగు, చీడపురుగు అను నాలుగు మాటలను వాడిరి. శాస్త్రదృష్టితో ఇది సరియైన అనువాదము కాకపోవచ్చును. అయినను జొన్నచేను, వరిమడి యెరిగిన రైతుబిడ్డకు ఒకటి విడిచినదానిని వేరొకటి తినుట యనగా నేమో ఈ నాలుగు మాటలు చెప్పినట్లు హీబ్రూ మాటలు చెప్పలేవు. ఇట్టి తావుల అనువాదకుని తప్పు పట్టుటకు నాకు మనసొప్పదు. మిడతలకు రాజు లేకున్నను పంక్తులు తీరి సాగుననుట మాత్రము జీవశాస్త్రమునకు సరిపోవుచున్నది. ఒంటరిగా బ్రదుకు మిడతయు దండుగట్టు మిడతయు ఒకే జాతి యొక్క రెండు దశలని 1921లో యువరోవ్ నిరూపించెను.

ఇక చీమ. ఈ చిన్న ప్రాణి నిమిత్తము ఐరోపా పండితులు పడిన తంటా కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. చీమ ఎండకాలమున ధాన్యము కూర్చుకొనునని సొలొమోను చెప్పెను; ఈసపు కథలును అట్లే చెప్పినవి. కాని పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఇంగ్లండు దేశముల కీటకశాస్త్రజ్ఞులు తమ తోటలలోని చీమలను శ్రద్ధగా పరిశీలించి, చీమ ధాన్యము దాచదని తేల్చిరి. చలికి చీమలు మొద్దుబారి పడియుండును. వానికి తిండితో పని యుండదు. పియరు హ్యూబరు 1810లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథ మీ యభిప్రాయమునకు బలము చేకూర్చినది. కిర్బీ, స్పెన్సులు 1815 మొదలు నాలుగు సంపుటములుగా వెలువరించిన కీటకశాస్త్ర గ్రంథమునందును ఐరోపా చీమలను గూర్చి ఇదియే నిర్ణయము. కిర్బీ మతగురువు. సొలొమోను మాట తప్పనుటకు ఆయనకు నోరాడదు. వేడిదేశముల చీమలు వేరుగా నుండవచ్చునని ఆయన త్రోవ వదలి పెట్టెను. ఇతరులు మాత్రము, చీమలు తమ తెల్లని ప్యూపాలను మోసికొనిపోవుట చూచి పూర్వులు ధాన్యపుగింజలని భ్రమపడిరని వాదించిరి. బడిపిల్లలకు చెప్పు మొదటి పాఠమే ఈ విధముగా శాస్త్రముచేత త్రోసివేయబడినది.

దానిని నిలువబెట్టినది దక్కను చీమ. బొంబాయి ప్రభుత్వమున గణాంకాధికారిగా నుండిన కర్నలు సైక్సు, 1829 జూను, అక్టోబరు మాసములలో పుణెయందు చీమలు వానకు తడిసిన గడ్డిగింజలను పుట్టనుండి వెలికి తెచ్చి ఎండబెట్టుకొనుటను స్వయముగా చూచెను. ఈ విషయము 1835లో లండనున ప్రకటింపబడినది. ఆ చీమకు ముందుచూపు కలదను నర్థమిచ్చు లాటిను పేరును ఆయన పెట్టెను. నెల్లూరున వైద్యాధికారిగా పనిచేసిన జెర్డను, 1851లో మద్రాసు సాహిత్యశాస్త్ర పత్రికయందు దక్షిణ భారతపు చీమల పట్టికను ప్రకటించుచు గింజలు కూర్చు చీమలను వర్ణించెను. తుదకు 1873లో మాగ్రిడ్జి మధ్యధరాతీరమున చీమల భూగృహములను త్రవ్వి, గింజల కొట్లను కన్నులార చూచి గ్రంథము వ్రాయుటతో వివాద మడగెను. చలిదేశపు చీమను చూచి ఎండదేశపు మాటను తప్పుపట్టుటయే పండితుల దోషము. మెదకు చేలగట్ల మీద తొలకరి వాన వెలిసిన మరునాడు ఏ పసులకాపరి పిల్లవాడైనను చూడగల దృశ్యమిది. పుట్టనోటి చుట్టును పొట్టు గుండ్రముగా పేర్చియుండుట వాడెరుగును. వానికి తెలియనిది హ్యూబరు పేరొక్కటియే.

చీమకు అధిపతి లేడనుట మరియొక పాఠము. రాణిచీమ యున్నది గదా యని పిల్లలడుగుదురు. రాణి యను మాట మనుష్యులు పెట్టినది. అది గ్రుడ్లు పెట్టునే గాని ఆజ్ఞలు పెట్టదు. పనిచేయు చీమలన్నియు ఆడవే. ఒకదాని కొకటి తగులుచు, వాసనలను గ్రహించుచు పని పంచుకొనును. ఈ తావున పాతగ్రంథమును నేటి శాస్త్రమును కలహింపవు. సొలొమోను మాటకు గ్రీకు అనువాదకులు తమంతట తాము తేనెటీగను గూడ చేర్చిరని ఇచట ప్రసంగవశమున చెప్పవచ్చును. తెలుగు బైబిలు హీబ్రూను అనుసరించుటచే ఆ యీగ మనవరకు రాలేదు.

అయితే తెలుగు బాలుని చెవిలో చీమను గూర్చి బైబిలు ఒక్కటియే పలుకదు. వాడు బడిలో సుమతిశతకము చదువును. చీమల పుట్టలో పాములు చేరుటను ఆ శతకకారుడు లోభి కూడబెట్టిన ధనమునకు పోల్చెను. ఒకచోట చీమ కూర్పు వివేకము. మరియొకచోట అదే కూర్పు వ్యర్థము. సొలొమోను చీమను పొగడిన కారణముననే సుమతిశతకము చీమను జాలిగొన్నది. మరియొక పద్యమున బలవంతుడైన సర్పము చలిచీమలచేత చిక్కుటను అదే శతకకారుడు హెచ్చరికగా చెప్పెను. ఇది సామెతల ముప్పదియవ యధ్యాయపు భావమునకు చాల దగ్గర. ఒకే ప్రాణి రెండు నీతులకు సాక్ష్యమిచ్చుచున్నదన్న, నీతి ప్రాణిలో లేదని, చెప్పువానిలో నున్నదని తెలియును. జీవశాస్త్రము తెలిసినవాడు దీనికి తోడు మరియొక మాట చెప్పవలెను: పాములు చేరు ఆ పుట్టలను కట్టునది చీమ కాదు, చెద. చెదకును చీమకును చుట్టరికము లేదు. చెద బొద్దింకల వంశమునకు చెందినది.

చెదను గూర్చిన తొలి శాస్త్రీయరచనలలో నొకటి మన దక్షిణదేశమునుండియే వెలువడినది. లిన్నేయసు శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడి డేనిషు మిషనునకు వైద్యుడుగా వచ్చి, పిమ్మట ఆర్కాటు నవాబు కొలువునను కుంపిణీ కొలువునను పనిచేసెను. 1779లో ఆయన తెల్లచీమలను గూర్చి బెర్లిను పత్రికలో వ్యాసము వ్రాసెను. పుట్టకు ఒకవైపు పొగవేసి, గాలివాలున కుండ నుంచి, రెక్కల పురుగులను పట్టి పిండితో కలిపి వండుకొను విధానమును ఆయన తెలిపెనని స్మీత్‌మను ఉదాహరించెను. మనవారి ఉసిళ్ల వేపుడును ఎరిగినవారికి ఇందు వింత లేదు. కోనిగ్ 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున మరణించెను. అంత్యకాలమున సామర్లకోటనుండి రాక్సుబర్గు ఆయనకు వైద్యము చేసెను. మిషను జీతముతో వచ్చిన ఆయన చెదపురుగు నుండి నీతి తీయలేదు, దానిని చూచెను. బోధకులకును ప్రకృతిశాస్త్రజ్ఞులకును మొదట ఇల్లొక్కటే యని చెప్పుటకు ఈయన కథ చాలును.

చీమ తరువాత బాలబోధయందు ప్రధానస్థానము గొంగళిపురుగుది. గొంగళి గూడు కట్టుకొని, చచ్చినట్లు పడియుండి, సీతాకోకచిలుకయై వెలువడుట పునరుత్థానమునకు గుర్తని చెప్పుట క్రైస్తవలోకమున పరిపాటి. చూచుటకు రమ్యమైన ఈ దృష్టాంతమున ఒక లోపము కలదు. గొంగళి చావదు. 1669లోనే స్వామ్మర్‌డాం గొంగళి చర్మము క్రింద భావి సీతాకోకచిలుక యవయవములను చూపి, రెండును ఒకే ప్రాణి యనెను. 1864లో వైస్‌మన్ ఈగ డింభకములందు భావి రెక్కలకును కాళ్లకును మూలములైన చిన్న బిళ్లలను వర్ణించెను. ప్యూపాలో పాత కండరములు చాలవరకు కరగిపోవుట నిజమే. కాని ఆ బిళ్లలు సజీవములు. నాడీమండలము పూర్తిగా నశింపదు. 2008లో అమెరికాలో జరిగిన పరీక్షలయందు, గొంగళిదశలో ఒక వాసనకు వెరచుట నేర్చిన పురుగు రెక్కలు వచ్చిన పిమ్మటను దానిని మరువలేదని తేలినది. నిజముగా చచ్చిన ప్యూపానుండి ఏదియు రాదు. మరణమునుండి లేచుటయే బోధింపదలచిన విషయమైనచో, చావని ప్రాణిని సాక్షిగా నిలుపుట వాదమునకు హాని.

ఈ లోపమును తప్పించుకొన్న రచయిత్రి యొకరు కలరు. యార్కుషైరులోని ఎకిల్స్‌ఫీల్డు మతగురువు భార్య మార్గరెట్ గాటీ 1855లో ప్రకృతినుండి కైకొన్న నీతికథలను ప్రకటించెను. విశ్వాసపాఠ మను కథయే అందు మొదటిది. మరణింపబోవు సీతాకోకచిలుక తన గ్రుడ్లను ఒక గొంగళికి అప్పగించును. వానినుండి గొంగళులు పుట్టుననియు, నీవును ఒకనాడు సీతాకోకచిలుక వగుదువనియు భరతపక్షి చెప్పగా గొంగళి నమ్మదు. గ్రుడ్లనుండి గొంగళులే వెలువడుట కన్నులార చూచిన పిమ్మట, రెండవ మాటయు నిజమై యుండవలెనని నమ్మును. ఇందు ప్యూపా చావునకు గుర్తు కాదు. చెప్పినవాని మాటలో ఒక సగము సత్యమని తేలగా రెండవ సగమును నమ్ముట ఇందలి విషయము. జీవశాస్త్రము చెడలేదు, బోధయు చెడలేదు. నా యెరుకలోని కీటక నీతికథలలో దీనినే ఉత్తమముగా నెంచుచున్నాను.

కాని గాటీ కథలో లేని ప్రాణి యొకటి తోటలలో నున్నది. సన్నని నడుముగల పరాన్నభుక్కు కందిరీగ గొంగళిదేహమున గ్రుడ్లు పెట్టును. డింభకములు ప్రాణావశ్యకములగు నంగములను చివరివరకు ముట్టక, బ్రదికియున్న గొంగళిని లోననుండి తినును. కిర్బీ దీనిని తల్లి తన బిడ్డలకై చేయు ఏర్పాటుగాను, గొంగళుల సంఖ్యను అదుపులో నుంచు దైవప్రణాళికగాను వర్ణించెను. డార్విను 1860 మే నెలలో ఆసా గ్రేకు వ్రాసిన లేఖలో, కరుణామయుడైన దైవము ఇట్టి ప్రాణిని బుద్ధిపూర్వకముగా సృజించెనని తాను నమ్మజాలననెను. ఇద్దరును చూచినది ఒక్క పురుగునే. ఒకడు గొంగళివైపు నిలిచెను, వేరొకడు ఈగవైపు నిలిచెను.

మన వేదాంతులును ఈ పురుగునే చూచిరన్న పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. భాగవతము పదునొకండవ స్కంధమున అవధూత యదువునకు తన యిరువది నలుగురు గురువులను పేర్కొనుచు తేనెటీగను, మిడతను, సాలెపురుగును, పేశస్కృత్తు అను కందిరీగను చెప్పెను. కందిరీగ పురుగును తెచ్చి మట్టిగూటిలో మూయగా, ఆ పురుగు భయముతో కందిరీగనే ధ్యానించుచు కందిరీగయైపోవునని అచటి భావము. భ్రమరకీటన్యాయ మని మన శాస్త్రములలో ప్రసిద్ధమైనది ఇదియే. గూటిలోనికి పోయినది గొంగళి, వెలికి వచ్చినది కందిరీగ, చూచినది సత్యము. నడుమ జరిగినది ధ్యానము కాదు, భోజనము. కందిరీగ గొంగళిని కుట్టి కదలకుండ చేసి, తన గ్రుడ్డునుండి వచ్చు పిల్లకు ఆహారముగా నుంచును. ఫ్రాన్సున జాన్ హెన్రీ ఫాబ్రు ఇట్టి వేటకందిరీగలను ఏండ్ల తరబడి పరిశీలించి వర్ణించెను. కనుక పునరుత్థానమును ప్యూపాతో చెప్పు క్రైస్తవబోధకుడును, సారూప్యమును మట్టిగూటితో చెప్పు వేదాంతియు ఒకే చిక్కులో నున్నవారు. ఇద్దరి గూళ్లనుండియు చివరకు రాగలది కందిరీగయే. న్యాయము నిలువదనుట నా యుద్దేశము కాదు. దృష్టాంతము సత్యమని పిల్లవానికి చెప్పుటకును, దృష్టాంతము పోలికయని చెప్పుటకును చాల దూర మున్నది. ఆ దూరము పెద్దలు ఎరిగినంత స్పష్టముగా పిల్లలకు తెలుపరు.

మృగశిర దాటి ఆరుద్రకార్తె రాగా మెదకు చేలలో ఎర్రని మఖమలువంటి ఆరుద్రపురుగులు కనబడును. దేవుని పనితనమును చూపు నిమిత్తము పిల్లలచేత వానిని ఏరించువా రున్నారు. కాళ్లు లెక్కింపుమన్నచో పాఠము మారిపోవును. ఎనిమిది కాళ్లు, అది కీటకమే కాదు, సాలీడు తెగకు చేరినది. దత్తాత్రేయుని గురువులలోని సాలెపురుగును అట్టిదే. ఇది తప్పు పట్టుట కాదు. లెక్కించిన పిల్లవానికి ఆ యెరుపు తగ్గదు.

చిన్ననాట నేనును నిమ్మచెట్టు మీది పసరుగొంగళి నొకదానిని అగ్గిపెట్టెలో నుంచి, ఆకులు పెట్టి పెంచితిని. గూడు కట్టినది. సీతాకోకచిలుక వచ్చుననియు, దానిని ఆదివారపు బడికి తేవలెననియు మాకు చెప్పిరి. వారము దాటినది. పెట్టె తెరచిచూడగా గూటికి సూదిమొనయంత రంధ్రము, చుట్టును సన్నని నల్లని రెక్కల పురుగులు. దానిని బడికి కొనిపోయి చూపితిని. మా ఉపాధ్యాయుడు కొంతసేపు చూచి, దానిని పారవేసి మరియొక గొంగళిని వెదకుమనెను. పారవేసితిని. ఆ నల్లని పురుగులు ఎన్నియున్నవో అప్పుడు లెక్కపెట్టలేదు.